గ్యాసు నిండుకుంటే... చేతిలో పైకం లేకుంటే!

వంటగ్యాస్‌ రీఫిల్‌, కరెంటు బకాయిల విషయంలో అత్యవసర సాయం పొందే మార్గాలు

తెనాలి, బాపట్ల, రేపల్లె: సిలిండరు గ్యాస్‌కు బకాయి అంటూ ఉండదు. సొమ్ము చెల్లిస్తేనే బండ ఇంట్లో దిగుతుంది, చెల్లించలేకపోతే పొయ్యి వెలగదు. విద్యుత్‌ మాదిరిగా ముందు వాడుకొని తరువాత బిల్లు కట్టే వెసులుబాటు వంటగ్యాస్‌ వినియోగదారులకు లేదు. ప్రభుత్వాలు ప్రకటించిన రాయితీలు సైతం ముందుగా పూర్తి ధర చెల్లించిన తరువాతనే బ్యాంకు ఖాతాకు చేరేలా రూపొందాయి. ఫలితంగా రాయితీకి అన్ని అర్హతలూ ఉన్న కుటుంబం కూడా ఆ తొలి పైకం సమకూరక కట్టెల పొయ్యి వైపు చూడవలసి వస్తోంది. సాయం ఎంత అన్నదానితో పాటు అది అందేలోగా ఇల్లు ఎలా గడుస్తుందన్నదీ ముఖ్యమే. ఏయే పథకాలు ఉన్నాయి, డబ్బు జమ కాకపోతే ఎవరిని అడగాలి, బండ అయిపోయిన రోజున ఏం చేయాలి, కరెంటు బిల్లు గడువు దాటితే చట్టం ఏమంటోంది... మూడు పట్టణాల పరిధిలోని పాఠకుల కోసం ఈ వివరాలు.

ఇబ్బంది వచ్చే నెలలు ఇవే

కృష్ణా పశ్చిమ డెల్టాలో కూలి కుటుంబాల ఆదాయం నెలనెలా ఒకే తీరుగా ఉండదు. ఖరీఫ్‌ నాట్ల సమయంలో చేతి నిండా పని ఉంటుంది. నాట్లు, కలుపులు పూర్తయ్యాక కోతలు మొదలయ్యే వరకు పనులు పలచబడతాయి. కొల్లిపర, దుగ్గిరాల, వేమూరు, అమర్తలూరు, చెరుకుపల్లి మండలాల్లో వ్యవసాయ కూలీలు అప్పు కోసం తిరిగేది ఈ రోజుల్లోనే.

తీర గ్రామాలది మరో లెక్క. నిజాంపట్నం, బాపట్ల, రేపల్లె మండలాల్లో వేట మీద ఆధారపడిన మత్స్యకార కుటుంబాలకు ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు 61 రోజుల పాటు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. ఈ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో రూ.20 వేలకు పెంచారు. అయితే భృతి చేతికి వచ్చే రోజూ, గ్యాసు అయిపోయే రోజూ ఒకటే కావాలని లేదు.

వీటికి తోడు తుపాన్లు, వరదలు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్‌ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద విడుదలై దిగువ లంక గ్రామాలను ముంచెత్తింది. ఇలాంటి వేళ పనులు ఆగిపోతాయి, ఖర్చు మాత్రం ఆగదు.

దీపం నుంచి దీపం-2 వరకు

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం మొదలైంది. మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్‌ కనెక్షన్‌ డిపాజిట్టును ప్రభుత్వమే భరించడం దాని ఉద్దేశం. 2016 మే 1న కేంద్రం ప్రధానమంత్రి ఉజ్వల యోజనను ప్రారంభించింది. ఈ రెండూ కనెక్షన్‌ ఇప్పించడానికి ఉద్దేశించినవి. కనెక్షన్‌ వచ్చిన ఇంటికి ఆ తరువాత బండ బండకూ అయ్యే ఖర్చు మాత్రం మిగిలే ఉండేది. తొలి బండ ఖాళీ అయ్యాక రీఫిల్‌ తీసుకోలేక పొయ్యిని అటకెక్కించిన ఇళ్లు పల్లెల్లో అందరికీ తెలిసినవే.

కరోనా కాలంలో, 2020 ఏప్రిల్‌ నుంచి, ఉజ్వల లబ్ధిదారులకు మూడు రీఫిళ్లు ఉచితంగా ఇచ్చారు. అప్పుడు సొమ్మును ముందుగానే లబ్ధిదారుల ఖాతాల్లో జమ చేశారు. చేతిలో పైకం లేని కుటుంబానికి ముందుగా ఇచ్చే సాయం విలువ ఏమిటో ఆ మూడు నెలలు చూపించాయి.

రాష్ట్ర ప్రభుత్వం దీపం-2 పథకాన్ని 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం నియోజకవర్గంలో ప్రారంభించింది. దీని కింద అర్హులైన కుటుంబానికి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. బియ్యం కార్డు, ఆధార్‌, అమల్లో ఉన్న గ్యాస్‌ కనెక్షన్‌... ఈ మూడూ ఒకదానితో ఒకటి అనుసంధానమై ఉండటమే ప్రధాన అర్హత. పథకం ప్రారంభమైనప్పుడు నిర్దేశించిన పద్ధతి ప్రకారం వినియోగదారులు మామూలుగానే బండ బుక్‌ చేసుకొని, ధర మొత్తం చెల్లించాలి. బండ ఇంటికి చేరిన 48 గంటల్లోగా ఆ సొమ్ము ఖాతాలో జమ కావాలి.

విడత గడువు మరువరాదు

మూడు బండలనూ ఒకేసారి తీసుకొనే వీలు లేదు. ఆర్థిక సంవత్సరాన్ని మూడు విడతలుగా విభజించారు.

- మొదటి బండ: ఏప్రిల్‌ 1 నుంచి జులై 31 వరకు
- రెండో బండ: ఆగస్టు 1 నుంచి నవంబరు 30 వరకు
- మూడో బండ: డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు

ఒక విడతలో తీసుకోని ఉచిత బండ తరువాతి విడతకు కలవదు. జులై నెలాఖరున డబ్బు లేక బుకింగు వాయిదా వేసుకున్న ఇల్లు ఒక బండను శాశ్వతంగా కోల్పోతుంది. పైకం లేని కుటుంబమే ఈ నష్టానికి ఎక్కువగా గురవుతుందన్నది గమనార్హం.

వేట నిషేధ కాలం మొత్తం మొదటి విడతలోనే పడుతుంది. కాబట్టి రెండు సిలిండర్లు ఉన్న మత్స్యకార కుటుంబాలు ఏప్రిల్‌ మొదటి రెండు వారాల్లోనే, పడవలు ఒడ్డుకు చేరకముందే, ఖాళీ బండను నింపించుకోవడం మేలు. వ్యవసాయ కూలీలు రెండో విడత బండను నాట్ల కూలి చేతిలో ఆడే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తీసుకోవచ్చు. మూడో విడత మొదలయ్యే డిసెంబరులో కోతల కూలి ఉంటుంది. ఒకే బండ ఉన్న ఇంటికి ఇలా ఎంచుకొనే వీలు తక్కువ. అలాంటి ఇళ్లకు ఏది దారి అన్నది కింద చూద్దాం.

ఉజ్వల లబ్ధిదారులకు

ఉజ్వల కనెక్షన్‌ ఉన్నవారికి 14.2 కిలోల బండపై కేంద్రం 2022 మే నుంచి రూ.200, 2023 అక్టోబరు నుంచి రూ.300 చొప్పున రాయితీ ఇస్తూ వచ్చింది. 2025-26 సంవత్సరానికి ఈ రాయితీని ఏడాదికి 12 బండల నుంచి 9 బండలకు పరిమితం చేశారు. అయిదు కిలోల బండకు ఇదే నిష్పత్తిలో రాయితీ వర్తిస్తుంది. ఉజ్వల కనెక్షన్‌ ఉన్న కుటుంబానికి దీపం-2లోనూ అర్హత ఉంటే, కేంద్ర రాయితీ పోను మిగిలిన మొత్తాన్ని రాష్ట్రం భరిస్తుంది. అంటే రెండు జమలు వేర్వేరుగా రావచ్చు. ఒకటి రాగానే రెండోది ఎగ్గొట్టారని అనుకోకుండా పాసుపుస్తకంలో రెండింటినీ సరిచూసుకోవాలి.

సొమ్ము జమ కాలేదా? కారణాలు ఇవి

బండ వచ్చి వారం గడిచినా డబ్బు పడలేదన్న ఫిర్యాదుల వెనుక సాధారణంగా కొన్ని కారణాలే ఉంటాయి.

ఖాతా మారడం: ఆధార్‌ ఆధారిత చెల్లింపులు మనం గ్యాస్‌ ఏజెన్సీలో రాసిచ్చిన ఖాతాకు కాక, ఆధార్‌కు చివరిసారిగా అనుసంధానమైన బ్యాంకు ఖాతాకు వెళతాయి. పింఛను కోసమో, పిల్లల ఉపకార వేతనం కోసమో, పోస్టాఫీసు వారు చెప్పారనో కొత్త ఖాతా తెరిచి ఉంటే డబ్బు అందులో పడి ఉండవచ్చు. రాలేదని నిర్ధారించుకొనే ముందు ఇంట్లోని పాసుపుస్తకాలన్నీ చూడాలి. ఏ బ్యాంకుకు అనుసంధానమైందో ఆధార్‌ సంస్థ వెబ్‌సైటులో గాని, ఏదైనా బ్యాంకు శాఖలో గాని తెలుసుకోవచ్చు.

ఈ-కేవైసీ కాకపోవడం: కనెక్షన్‌ ఎవరి పేరిట ఉందో వారు వేలిముద్ర లేదా ముఖ గుర్తింపు ద్వారా ఆధార్‌ ధ్రువీకరణ పూర్తి చేయాలి. ఏజెన్సీ కార్యాలయంలోనూ, చమురు సంస్థల ఫోన్‌ యాప్‌లలోనూ దీన్ని చేసుకోవచ్చు. దీనికి రుసుము ఏమీ లేదు.

పేర్లు కలవకపోవడం: గ్యాస్‌ పుస్తకం మామగారి పేరిట, బియ్యం కార్డు వేరుపడిన కొడుకు కుటుంబం పేరిట ఉన్నప్పుడు లంకె కుదరదు. కనెక్షన్‌ పేరు గల వ్యక్తి బియ్యం కార్డులో సభ్యుడై ఉండాలి. ఆ వ్యక్తి మరణించి ఉంటే మరణ ధ్రువపత్రం, మిగిలిన వారసుల అంగీకార పత్రం, ఆధార్‌ ఇచ్చి కనెక్షన్‌ను వారసుల పేరిట మార్పించుకోవాలి. పెద్దలు పోయి ఏళ్లు గడిచినా వారి పేరుతోనే బుక్‌ చేసుకొంటున్న ఇళ్లు ఈ పనిని వాయిదా వేయరాదు.

స్తంభించిన ఖాతా: చాలాకాలం లావాదేవీలు లేక నిలిచిపోయిన ఖాతాలో జమ కుదరదు. బ్యాంకులో పత్రాలు ఇచ్చి పునరుద్ధరించుకోవాలి.

ఈ నాలుగింటిలో ఏదీ బండ అయిపోయిన రోజున ఒక్క పూటలో తేలే వ్యవహారం కాదు. బండ నిండుగా ఉండగానే సరిచేసుకోవాలి.

బండ అయిపోయిన రోజున...

తొలి పైకం సమకూరని ఇంటికి కొన్ని దారులు ఉన్నాయి.

అయిదు కిలోల బండ: ఒకేసారి పెద్ద మొత్తం పెట్టలేని వారికి ఇది ఆసరా. ఉజ్వల లబ్ధిదారులు కోరితే 14.2 కిలోల బండకు బదులు అయిదు కిలోల బండలకు మారే వీలుంది. కనెక్షన్‌ లేనివారు, వలస కూలీలు గుర్తింపు పత్రం చూపి ఏజెన్సీలలో చిన్న బండ కొనవచ్చు. ఇండేన్‌ వారు దీన్ని ‘ఛోటు’ అనీ, హెచ్‌పీ వారు ‘అప్పు’ అనీ పిలుస్తారు. ఇలా బహిరంగంగా అమ్మే చిన్న బండకు రాయితీ ఉండదు. కిలో లెక్కన చూస్తే ధర కూడా ఎక్కువే. కాబట్టి దీన్ని అత్యవసరానికే పరిమితం చేసుకోవాలి.

పొదుపు సంఘం: గ్రామాల్లో వెలుగు, పట్టణాల్లో మెప్మా పరిధిలోని స్వయం సహాయక సంఘాలు తమ పొదుపు నుంచి సభ్యులకు అంతర్గత అప్పు ఇచ్చుకోవచ్చు. సంఘం తీర్మానం రాసుకొంటే చాలు. 2011లో ఏర్పడిన స్త్రీనిధి పరపతి సంస్థ కూడా సంఘ సభ్యులకు 48 గంటల్లో రుణం అందించే లక్ష్యంతో పనిచేస్తోంది. అయితే ఒక్క బండ కోసం అంత రుణం తీసుకోవడం కన్నా అంతర్గత అప్పే సులువు.

ఇక్కడ సంఘాలు ఆలోచించదగిన పద్ధతి ఒకటి ఉంది. పది మంది సభ్యులున్న సంఘం ఒక బండ ధరకు సరిపడే మొత్తాన్ని పక్కన ఉంచితే, ఉచిత బండ తీసుకొనే సభ్యురాలికి దాన్ని ఇచ్చి, ఆమె ఖాతాలో రాయితీ పడగానే తిరిగి జమ చేయించుకోవచ్చు. అదే సొమ్ము తరువాత మరొకరికి ఉపయోగపడుతుంది. రాయితీ సకాలంలో పడితే నాలుగు నెలల విడతలో ఒక్క బండ సొమ్ముతో పది ఇళ్ల పొయ్యిలూ వెలుగుతాయి. వడ్డీ వ్యాపారి గడప తొక్కనవసరం లేదు.

ఖాతాలో పడిన సొమ్ము: ఒంటరి మహిళలు, సంఘంలో లేని కుటుంబాలు ఇదే పద్ధతిని తమకు తామే పాటించవచ్చు. ఒకసారి ఎలాగో బండ ధర కట్టి, తిరిగి వచ్చిన రాయితీని మరో ఖర్చుకు తీయకుండా ఖాతాలోనే ఉంచితే, తరువాతి బండకు తొలి పైకం అదే అవుతుంది. కష్టమైన మాటే అయినా ఒకే బండ ఉన్న ఇంటికి ఇంతకన్నా నిలకడైన దారి లేదు.

రెండో బండను అప్పగించడం: రెండు సిలిండర్లు ఉండి, కుటుంబం చిన్నదై ఒకటి సరిపోతుందనుకొంటే రెండోదాన్ని ఏజెన్సీకి అప్పగించి డిపాజిట్టు వెనక్కి తీసుకోవచ్చు. కనెక్షన్‌ పత్రంలో ఎంత డిపాజిట్టు రాసి ఉందో అంతే వస్తుంది. 2022 జూన్‌లో 14.2 కిలోల బండ డిపాజిట్టు రూ.1,450 నుంచి రూ.2,200కు పెరిగింది. కనుక ఈరోజు అప్పగించి రేపు మళ్లీ తీసుకోవాలంటే భారం ఎక్కువవుతుంది. ఇది చివరి మార్గమే.

బండ దించే వేళ రసీదులో ముద్రించిన మొత్తానికి మించి అడిగితే ఇవ్వనవసరం లేదు. రూపాయి రూపాయి కూడబెట్టి బండ తెచ్చుకొనే ఇంటికి ఆ అదనపు నోట్లు చిన్నవి కావు. రాయితీ రసీదు మొత్తం మీదే లెక్కవుతుంది కనుక పైన ఇచ్చింది తిరిగి రాదు. బండను తూకం వేసి చూపమని అడిగే హక్కు కూడా వినియోగదారులకు ఉంది. సిలిండరు మీద రాసిన ఖాళీ బరువుకు 14.2 కిలోలు కలిపితే మొత్తం బరువు రావాలి.

ఇవి చేయరాదు

మంట తగ్గినప్పుడు బండను పడుకోబెట్టడం, తలకిందులు చేయడం, వేడినీళ్లలో నిలపడం చాలామందికి అలవాటు. అడుగున ఉన్న ద్రవం గొట్టంలోకి వస్తే మంట అదుపు తప్పుతుంది. ప్రాణాపాయం తప్పదు.

ఇంటి బండ నుంచి చిన్న బండల్లోకి గ్యాసు ఎక్కించే దుకాణాలను ఆశ్రయించరాదు. వంటగ్యాస్‌ సరఫరా, పంపిణీపై కేంద్రం 2000లో ఇచ్చిన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఇది నేరం. ముద్ర లేని బండలో తూకానికీ, భద్రతకూ పూచీ ఉండదు. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు తాకకుండా, తలుపులు, కిటికీలు తెరిచి, రెగ్యులేటరు కట్టేసి 1906 నంబరుకు ఫోను చేయాలి. ఇది అన్ని సంస్థలకూ ఉమ్మడి నంబరు, 24 గంటలూ పనిచేస్తుంది.

నిమిషాల్లో రుణం అంటూ ఫోనులో వచ్చే యాప్‌ల జోలికి పోవద్దు. కొద్ది మొత్తానికి ఆశపడి ఫోనులోని నంబర్లు, ఫొటోలు వారి చేతిలో పెట్టి వేధింపుల పాలైన ఉదంతాలు రాష్ట్రంలో కొత్త కాదు.

కరెంటు బకాయిది వేరే దారి

ఇంటి బిల్లుల్లో నిజంగా ‘బకాయి’ పడేది విద్యుత్తే. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ విజయవాడ కేంద్రంగా 2020 ఏప్రిల్‌ నుంచి పనిచేస్తున్న ఏపీసీపీడీసీఎల్‌ పరిధిలో ఉన్నాయి. పైపుగ్యాస్‌ కనెక్షన్లు ఉన్న పట్టణాల్లో కూడా వాడకం తరువాతనే బిల్లు వస్తుంది. అక్కడి వినియోగదారులు కనెక్షన్‌ ఒప్పందంలోని గడువు, నోటీసు షరతులను చూసుకోవాలి.

విద్యుత్‌ చట్టం-2003లోని 56వ సెక్షన్‌ బకాయిదారుకు కొన్ని రక్షణలు కల్పించింది. పూర్తిగా 15 రోజులకు తగ్గని వ్యవధితో లిఖితపూర్వక నోటీసు ఇచ్చిన తరువాతనే సరఫరా నిలిపివేయాలి. బిల్లు మొత్తం తప్పుగా ఉందని వినియోగదారు భావిస్తే, అడిగిన మొత్తం లేదా గత ఆరు నెలల సగటు... ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి కట్టవచ్చు. వివాదం తేలేవరకు సరఫరా ఆపరాదు. ఎన్నడూ బిల్లులో చూపని పాత బకాయిని రెండేళ్ల తరువాత హఠాత్తుగా వసూలు చేయడానికీ ఈ సెక్షన్‌ అంగీకరించదు.

బిల్లు సరైనదే అయి, ఒకేసారి కట్టలేకపోతే గడువు ముగియకముందే స్థానిక విద్యుత్‌ కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చి వాయిదాలు కోరాలి. వాయిదాలు ఇవ్వడం అధికారుల విచక్షణపై ఆధారపడి ఉంటుంది. ఫ్యూజు తీసిన తరువాత అడిగితే బకాయికి తోడు తిరిగి కలిపే రుసుము కూడా మీదపడుతుంది. వినతిపత్రం నకలుపై తప్పక ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఎస్సీ, ఎస్టీ గృహ వినియోగదారులకు నిబంధనల మేరకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్‌ ఉంది. అర్హత ఉండీ బిల్లు వస్తుంటే కుల ధ్రువపత్రంతో అదే కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి.

స్థానికంగా పరిష్కారం కాకపోతే సంస్థ ఏర్పాటు చేసిన వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు, అక్కడా న్యాయం జరగలేదనుకొంటే విద్యుత్‌ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. న్యాయవాదిని పెట్టుకోనవసరం లేదు.

విదేశాల్లో ఎలా ఉంది?

ఈ ప్రాంతం నుంచి పిల్లలు వెళ్లి స్థిరపడిన అమెరికాలో గ్యాసు బిల్లు కట్టలేని తక్కువ ఆదాయ కుటుంబాల కోసం 1981 నుంచి ఫెడరల్‌ ప్రభుత్వ ఇంధన సహాయ కార్యక్రమం నడుస్తోంది. కనెక్షన్‌ తొలగిస్తామన్న నోటీసు వచ్చిన ఇంటికి అత్యవసర సాయం కూడా అందులో భాగం. సాయం సొమ్ము ఎక్కువగా నేరుగా గ్యాసు సంస్థకే వెళుతుంది. బ్రిటన్‌లో ముందుగా డబ్బు వేసి వాడుకొనే మీటర్లు ఉన్నవారికి, సొమ్ము అయిపోయిన వెంటనే సరఫరా ఆగకుండా సంస్థలు కొంత అత్యవసర అరువు ఇస్తాయి. అక్కడ ఆపద వచ్చిన రోజున పైకాన్ని సంస్థే సర్దుబాటు చేస్తుంది. ఇక్కడ ఆ భారం ముందుగా ఇల్లాలిపై పడుతోంది. రాయితీ సొమ్మును ముందుగానే ఏజెన్సీకి చేర్చి, లబ్ధిదారు ఏమీ చెల్లించకుండా బండ అందేలా చేస్తేనే ఉచితం అన్న మాటకు పూర్తి అర్థం దక్కుతుంది.

ఎవరిని ఆశ్రయించాలి?

తొలి మెట్టు గ్యాస్‌ ఏజెన్సీయే. రసీదు, గ్యాస్‌ పుస్తకం, ఆధార్‌, బియ్యం కార్డు, పాసుపుస్తకం నకళ్లు వెంట తీసుకెళ్లాలి. బియ్యం కార్డులో మార్పులకు గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు చేయాలి. తహసీల్దారు కార్యాలయంలో పౌరసరఫరాల ఉప తహసీల్దారు మండల స్థాయిలో ఈ వ్యవహారాలు చూస్తారు. జిల్లా స్థాయిలో పౌరసరఫరాల అధికారి ఉంటారు.

2022 ఏప్రిల్‌ 4న జిల్లాల పునర్విభజన తరువాత తెనాలి గుంటూరు జిల్లాలో కొనసాగింది. బాపట్ల, రేపల్లె కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. కొల్లూరు, భట్టిప్రోలు, వేమూరు ప్రాంతాల వారికి తెనాలి దగ్గరి పట్టణమే అయినా వారి జిల్లా కేంద్రం బాపట్ల. అర్జీ పట్టుకొని గుంటూరు వెళితే ఒక రోజు కూలి, చార్జీలు వృథా అవుతాయి. తెనాలి వారు స్థానిక సబ్‌కలెక్టర్‌ కార్యాలయంలో గాని, గుంటూరు కలెక్టరేట్‌లో గాని, రేపల్లె వారు స్థానిక ఆర్డీవో కార్యాలయంలో గాని, బాపట్ల కలెక్టరేట్‌లో గాని సోమవారం నాడు జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. ఇచ్చిన ప్రతి అర్జీకీ నంబరుతో రసీదు అడిగి తీసుకోవాలి.

ఏజెన్సీ సేవల్లో లోపం ఉంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద రూ.5 లక్షల లోపు విలువ గల ఫిర్యాదులకు కమిషన్‌ రుసుము లేదు.

మోసగాళ్లతో జాగ్రత్త

రాయితీ ఆగిపోయింది, ఓటీపీ చెబితే వేస్తామని ఎవరు ఫోను చేసినా నమ్మరాదు. బండ దించే సమయంలో డెలివరీ బాయ్‌కి చెప్పే సంకేత సంఖ్య తప్ప మరే ఓటీపీ అవసరం ఉండదు. ఈ రాత్రికి కరెంటు తీసేస్తామంటూ వ్యక్తిగత నంబరు నుంచి సందేశాలు పంపి ఖాతాలు ఖాళీ చేసే ముఠాలు కొన్నేళ్లుగా దేశమంతటా తిరుగుతున్నాయి. బకాయి నిజమో కాదో విద్యుత్‌ కార్యాలయంలోనే తెలుసుకోవాలి. డబ్బు పోయిన వెంటనే 1930కు ఫోను చేస్తే ఆ సొమ్ము చేతులు మారకుండా ఆపే అవకాశం ఉంటుంది.

దగ్గర ఉంచుకోవలసిన నంబర్లు

- గ్యాస్‌ లీకేజీ అత్యవసరం: 1906
- చమురు సంస్థల ఉమ్మడి సహాయ కేంద్రం: 1800 2333 555
- పౌరసరఫరాలు, దీపం-2 ఫిర్యాదులు: 1967
- విద్యుత్‌ ఫిర్యాదులు: 1912
- ప్రభుత్వ అర్జీల నమోదు, స్థితి: 1100
- మనమిత్ర వాట్సప్‌ సేవలు: 95523 00009
- జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం: 1915
- సైబర్‌ నేరాల ఫిర్యాదు: 1930

ఈ వారంలోనే చేయదగినవి

గ్యాస్‌ పుస్తకం ఎవరి పేరిట ఉందో, ఆ పేరు బియ్యం కార్డులో ఉందో లేదో చూడండి. ఈ-కేవైసీ అయిందో లేదో ఏజెన్సీలో అడగండి. ఆధార్‌ ఏ బ్యాంకు ఖాతాకు అనుసంధానమై ఉందో తెలుసుకోండి. నడుస్తున్న విడతలో ఉచిత బండ తీసుకొన్నారో లేదో, దాని సొమ్ము జమ అయిందో లేదో పాసుపుస్తకంలో సరిచూసుకోండి. కరెంటు బిల్లు మీద చివరి తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. సంఘంలో సభ్యులైతే తదుపరి సమావేశంలో బండ సొమ్ము ప్రస్తావన తీసుకురండి. అన్ని పనులకూ కలిపి ఒక పూట సరిపోతుంది. గ్యాసు నిండుకున్న తరువాత ఇవే పనులకు వారాలు పడతాయి, అన్నాళ్లూ ఇంటిల్లిపాదీ కట్టెల పొగ పీల్చవలసి ఉంటుంది.